నాయకర్ గారు కాలనీలో టీ తాగిన ఆదివారం

కోవిల్‌పట్టి వెళ్ళొచ్చి నెల కావస్తోంది. నడుంనొప్పి తగ్గింది గానీ ఆ ప్రయాణం తాలూకు అలసట మాత్రం ఇంకా ఒంట్లోంచి పోలేదు. ఈ బ్లాగులో నేను రాసే ఊళ్ళ కబుర్లు చదివి, దక్షిణ తమిళనాడులో తెలుగువాళ్ళుండే పల్లెలు చూడాలనుంది, ఎలా వెళ్ళాలో రాయండి అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్ళ కోసమే ఇది. ముందే చెబుతున్నాను, ఇందులో గుళ్ళూ గోపురాలూ తక్కువ. ఎండ, బస్సులు, చివరికి కుదరని ఒక బేరం, ఇవే ఎక్కువ. సరదా ప్రయాణం కావాలనుకునేవాళ్ళు కొడైకెనాల్ గురించి రాసిన పాత టపా చదువుకోవచ్చు.

నేను చెన్నైలో ఒక కాలేజీలో తెలుగు చెబుతాను. సొంతూరు నెల్లూరు పక్కన. ఇరవై ఏళ్ళుగా మాంబళంలో కాపురం. ఇక్కడ ఎవరికైనా కోపం వస్తే నేను 'గొల్టి'ని, సెలవులకి మా ఊరెళితే 'అరవమ్మ'ని. మా వైపు గొడ్డు చాకిరీ చేస్తే 'అరవ చాకిరీ' అంటారు, ఆ మాట నేనూ చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నాను. ఇటు వీళ్ళకీ అటు వాళ్ళకీ కానిదాన్నై ఇన్నాళ్ళు బతికాక భాష పేరెత్తితే చాలు నీరసం వస్తుంది. ఏటేటా నా క్లాసులో బెంచీలు ఖాళీ అవుతున్నాయి. అర్జీలు రాశాం, సంతకాలు పెట్టాం, సభల్లో శాలువాలు కప్పించుకున్నాం. ఇక ఓపిక లేదనుకుంటున్న రోజుల్లో సరోజ ఫోను చేసింది.

సరోజ తిరుత్తణి పిల్ల. చదువుకునే రోజుల్లో హాస్టల్లో నా గదిలోనే ఉండేది. కోవిల్‌పట్టికీ ఏళాయిరంపన్నైకీ మధ్య ఒక పల్లెలో సర్కారు బడిలో తెలుగు విభాగానికి టీచరు. పదిహేనేళ్ళుగా అక్కడే ఉంది. కిందటేటి నుంచి ఒకటో తరగతిలో తమిళం తప్పనిసరి అయ్యాక తెలుగు విభాగంలో చేరేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారట. ఈ జూన్లో కనీసం పదిమంది పిల్లలు చేరకపోతే విభాగం మూసేస్తామని పైనుంచి చెప్పేశారు. పేర్లు ఇవ్వడానికి సోమవారం ఆఖరు. "ఒక్కసారి రావే. ఆంధ్రా నుంచి మేడమ్ వచ్చి చెబితే తల్లిదండ్రులు వింటారేమో" అంది. "నేను ఆంధ్రా నుంచి ఎక్కడొస్తానే, మాంబళం నుంచి వస్తాను" అన్నాను. "ఇక్కడ వాళ్ళకి రెండూ ఒకటే, రా" అంది. దాని గొంతులో ఏడుపు వినపడుతుంటే రానని ఎలా చెప్పను?

శనివారం సాయంత్రం ఎగ్మూరులో తిరునెల్వేలి వైపు పోయే రైలెక్కాను. స్లీపర్ టిక్కెట్టు రెండొందల యాభై లోపే. నాకెప్పుడూ మధ్య బెర్తే రాసిపెట్టి ఉంటుంది, ఈసారీ అదే. మదురై దాటాక తెల్లవారుతుంది, అక్కణ్ణుంచి కిటికీ పక్కన కూర్చోండి. విరుదునగర్ దాటగానే నల్లరేగడి మొదలవుతుంది. జూన్లో ఆ నేల బీటలు వారి ఉంటుంది, కంటికి ఆనేది సర్కారు తుమ్మ ఒక్కటే. సాత్తూరు స్టేషన్లో దోసకాయలు కోసి, కారం చల్లి కిటికీల దగ్గరికే తెస్తారు. ఐదు రూపాయలకి నాలుగు ముక్కలు. పొద్దున్నే ఖాళీ కడుపుతో తినొద్దు, నేను తిని బాధపడ్డాను.

ఏడు దాటాక కోవిల్‌పట్టిలో దిగాను. స్టేషను బయటే ఒక మెస్సులో ఇడ్లీ, కారప్పచ్చడి, కాఫీ కలిపి పదహారు రూపాయలు. ఆదివారం కాబట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల వ్యానులు లేవు, వీధులు నెమ్మదిగా ఉన్నాయి. ఏళాయిరంపన్నై బస్సు ఎనిమిదింటికి కదిలింది, టిక్కెట్టు ఆరు రూపాయలు. బస్సులో సరోజకి ఫోను చేసి "ఎక్కాను, వస్తున్నా" అన్నాను. టిక్కెట్లు కొడుతున్న కండక్టరు ఆగాడు. చుట్టూ చూసి, కొంచెం వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆంద్రాలో యా ఊరమ్మా?"

"నెల్లూరు. మీరూ తెలుగేనా?"

"ఆమా, ఇంట్లో ఈ మాటే. మా అమ్మకి తమిళం సరిగ్గా రాదు." ఇంకేదో చెప్పబోయాడు, ఇంతలో వెనక నుంచి ఎవరో చిల్లర అడిగారు. వెంటనే నడుం నిటారు చేసి గట్టిగా తమిళంలోకి మారిపోయాడు. మళ్ళీ నేను దిగేదాకా నా వైపు చూడలేదు. ఏదో తప్పు పని చేస్తూ దొరికిపోయినవాడిలా ఎందుకు అలా అయిపోయాడో నాకు బోధపడలేదు. పాపం, అలవాటు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

మలుపు దగ్గర సరోజ గొడుగుతో నిలబడి ఉంది. చిక్కిపోయింది. ఊళ్ళోకి నడుస్తూ సంగతంతా చెప్పింది. ఊరి పేరు రాయడం లేదు, అక్కడివాళ్ళకి ఇబ్బంది వద్దు. ఊళ్ళో రెండు రకాల తెలుగువాళ్ళున్నారు. పెద్ద వీధిలో భూములున్న నాయకర్ల ఇళ్ళు. నీళ్ళ ట్యాంకుకి అవతల కాలనీ. మన వైపు ఊరికి దూరంగా ఉంచిన వీధిని పేట, వాడ అన్నట్టే అక్కడ కాలనీ అంటారు. ఆ వీధిలోవాళ్ళు తరతరాలుగా నాయకర్ల పొలాల్లో కూలికి వెళ్ళేవాళ్ళు, ఇప్పుడు చాలామంది బాణసంచా ఫ్యాక్టరీలకి పోతున్నారు. వాళ్ళలో సగం ఇళ్ళు క్రైస్తవులవి. ఇటూ అటూ ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే. కానీ నాయకర్ల పిల్లలు టైలు కట్టుకుని వ్యానెక్కి కోవిల్‌పట్టి ఇంగ్లీషు కాన్వెంటుకి పోతున్నారు. పెద్ద వీధి నుంచి సరోజకి దొరికింది ఇద్దరే. ఇక పదిమంది కావాలంటే కాలనీ పిల్లలే దిక్కు. వాళ్ళేమో తమిళ విభాగమే కావాలంటున్నారు.

"మూసేస్తే నిన్నెక్కడికి వేస్తారు?" అన్నాను.

"ఎక్కడికో వేస్తారులే. అది కాదే. ఈ చుట్టుపక్కల తెలుగు అక్షరం కనపడేది నా నల్లబల్ల మీద ఒక్కచోటే. అదీ పోతే ఇక లేనట్టే." అది పెద్ద మాటలు చెప్పే మనిషి కాదు. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంది.

ముందు పెద్ద వీధికి పెద్దయిన నాయకర్ గారింటికి తీసుకెళ్ళింది. డెబ్బై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజాన తుండు. నేను గడప దగ్గర చెప్పులు విప్పుతుండగానే లేచి ఎదురొచ్చారు. "రండి రండి, అమ్మా! లోపలికి రండి. కూకోండి. మన దేశం నుంచి వచ్చినారు, మాకు ఎంత సంతోసమో!" అన్నారు. ఆ మాటల్లో నాకు మా అమ్మమ్మ కాలం తెలుగు వినపడింది. నూరేళ్ళ కిందటి మాటని ఎవరో జాడీలో పెట్టి దాచినట్టుంది. నాయకర్ గారు వాకిట్లోకి తిరిగి "ఒసే, నీళ్ళు తేవే" అని కేకేశారు. వాకిలి ఊడుస్తున్న ముసలామె, ఆయన కంటే పెద్దదే అయి ఉంటుంది, చీపురు పడేసి పరుగెత్తింది. ఆమె నీళ్ళు తెచ్చి గడప బయటే పెట్టింది. వాటిని కోడలు లోపలికి తెచ్చింది. ఇవన్నీ చూశాను గానీ, మా ఊళ్ళోనూ చూసి చూసి అలవాటైన కళ్ళు కదా, నిలబడి ఆలోచించలేదు.

నాయకర్ గారికి తెలుగంటే ప్రాణం. "పాంచాలంకురిచ్చి కోట చూసినారా? కట్టబొమ్మన్ ఎవరు? మనోడే! ఇంట్లో మన మాటే. ఇప్పుడు తమిళ వీరుడు అని బస్సు మీద కూడా బొమ్మ ఏస్తా ఉండారు. సరే, ఏసుకోనీ. దేశం కోసరం పోయినోడు అందరి వాడే గదా" అన్నారు. నాకు ఆ ఉదారత్వం నచ్చింది. మనవల్ని ఇంగ్లీషు బడికి ఎందుకు పంపుతున్నారని అడిగితే తల వంచుకున్నారు. "కొడుకు మాట ఇనడమ్మా. కోవిల్‌పట్టిలో అందరి పిలకాయలూ ఆడనే అంటాడు. నా కాలం అయిపోయినాది. బడి అన్నా నిలవాల. కాలనీ పిలకాయలకు పలకలు, పుస్తకాలు, గుడ్డలు, అంతా నేను ఇస్తా. మీరు పోయి చెప్పండి."

మేమలా మాట్లాడుతుండగా పంచాయతీలో పనిచేసే కుర్రాడొకడు ఏదో కబురు చెప్పడానికి వాకిట్లోకొచ్చాడు. కాలనీ అబ్బాయని సరోజ చెవిలో చెప్పింది. ప్యాంటు, ఇస్త్రీ చొక్కా. నాయకర్ గారు అతణ్ణి చూసి తమిళంలో "వాంగ తంబీ, వాంగ" అన్నారు. మన 'రండి' లాంటి మర్యాద మాటే అది. ఇద్దరూ తెలుగువాళ్ళే, మధ్యలో ఈ తమిళం ఎందుకొచ్చిందా అనుకున్నాను. మళ్ళీ నావైపు తిరగ్గానే చక్కగా తెలుగు.

పదకొండు అవుతుంటే చర్చి వదిలారు, మేం కాలనీకి వెళ్ళాం. నీళ్ళ ట్యాంకు దాటిన దగ్గర్నుంచి సిమెంటు రోడ్డు లేదు. సరోజ నన్ను జ్ఞానమ్మ ఇంటికి తీసుకెళ్ళింది. యాభై ఏళ్ళుంటాయి, బాణసంచా ఫ్యాక్టరీలో పని, వీధి ఆడవాళ్ళ పొదుపు సంఘానికి పెద్ద. ఆవిడ సరే అంటే వీధంతా సరే అన్నట్టేనట. ఆవిడ మనవరాలు ఎస్తేరు ఈ ఏడే ఒకటో తరగతి. వేళ్ళ సందుల్లో ఎంత రుద్దినా పోని వెండి రంగు మందు మరకలతో ఆవిడ నాకు ప్లాస్టిక్ కుర్చీ వేసింది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు చేరారు. నేను నా కాలేజీ గొంతుతో మాతృభాష గొప్పతనం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు చెప్పిన ఉపన్యాసమో, నాకే విసుగు. ఆవిడ మాత్రం ఓపిగ్గా చివరిదాకా విన్నది.

"మీ ఇంట్లో పాప ఉందామ్మా? తెలుగే చదవతా ఉందా?" అని అడిగింది.

మా అమ్మాయి స్కూల్లో రెండో భాషగా ఫ్రెంచి తీసుకుంది, మార్కులు బాగా వస్తాయని. అదే చెప్పాను, ఇంకేం చేయను? ఆడవాళ్ళంతా గొల్లున నవ్వారు. జ్ఞానమ్మ కూడా నవ్వింది, అందులో ఎత్తిపొడుపు లేదు. "మంచిదే గదమ్మా. పాప ఇష్టం. మా ఎస్తేరుదీ అంతే అనుకోండి" అంది. తర్వాత నవ్వు ఆపి చెప్పడం మొదలుపెట్టింది.

"మాట మీద మాకు కోపం లేదు. బిడ్డకు జోల పాడినా, కోడల్ని తిట్టినా ఇదే మాట. చచ్చినప్పుడు ఏడిస్తే ఇదే. ఇంటి బయట మేము ఈ బాసలో ఇన్నది ఏందో చెప్పండి? ఒసే ఇట్రావే. ఒరే ఆ ఎద్దుల్ని కట్టు. మా నాయన డెబ్బై ఏండ్ల వాడు, పెద్ద వీధి చిన్న పిలకాయ కూడా ఒరే అనే పిలిచేది. పనికని ఫ్యాక్టరీకి పోయినాక మమ్మల్ని మొదట తమిళంలో వాంగమ్మా అన్నారు. నాకు బాగా గ్యాపకం. నన్ను గాదేమో అని ఎనక్కి తిరిగి చూసినా. బస్సులో వాంగ, బ్యాంకులో వాంగ, చర్చిలో వాంగ. నాయకరే ఊళ్ళో అయితే ఒసే, కోవిల్‌పట్టి బజార్లో కనపడితే వాంగ. అట్టాంటిది మా బిడ్డను మళ్ళా తీసకపోయి ఒసే అనే బాసలోనే కూకోబెట్టమంటారే!"

సరోజ తల దించుకుంది. "నేను ఏ పిల్లనీ ఒసే అనలేదు జ్ఞానమ్మా" అంది.

"మీరు అనలేదు టీచరమ్మా, మీరు బంగారం. మీరు రేపు బదిలీ అయి పోతారు. మేమూ వాళ్ళూ ఈడనే గదా ఉండాల." కాసేపు వేళ్ళు చూసుకుని, ఏదో నిశ్చయించుకున్నట్టు లేచి నిలబడింది. "నాయకర్‌కు అంత ఆశ ఉంటే ఆయన్నే రమ్మనండి. మా వీధికి. పలకలు వద్దు, గుడ్డలు వద్దు. ఇంటికి వచ్చినోళ్ళను ఎట్టా పిలస్తారో అట్టా మమ్మల్ని మన బాసలోనే ఒక్కసారి పిలవనీ. ఎస్తేరే గాదు, వీధి బిడ్డలంతా టీచరమ్మ దగ్గరే చదవతారు. నేను చెప్పతా ఉండా."

వెనక్కి నడుస్తూ సరోజ గొడుగు తెరవడం కూడా మరిచిపోయింది. "ఆయన కాలనీలో ఎప్పుడూ అడుగుపెట్టలేదే. ట్యాంకు దగ్గరే ఆగిపోతాడు" అంది. నాకైతే ఆశ ఉంది. పొద్దున నన్ను రండి రండి అన్న ఆ నోటికి అదేం కష్టం?

నాయకర్ గారు అంతా విన్నారు. తమలపాకుకి సున్నం రాసుకున్నారు. కొడుకు లోపల్నుంచి తమిళంలో ఏదో గట్టిగా అన్నాడు, ఆయన చెయ్యెత్తి ఆపారు. "ఏం చెప్పాలంట?" అని అడిగారు.

"నన్ను పొద్దున ఏమన్నారో అదేనండీ. రండి అని."

"అంతేనా?" అని నవ్వారు. "సాయంత్రం పోదాం."

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. సజ్జ సంగటి, పచ్చి పులుసు, మజ్జిగ. చాప మీద నడుం వాల్చాను గానీ నిద్రపట్టలేదు. ఫ్యాను తిరుగుతూ ఆగుతూ ఉంది. నాలుగున్నరకి ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని బయటికొచ్చారు. తుండు మాత్రం ఇంట్లోనే వదిలేశారు. ఎందుకో అడగలేదు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఒక్క క్షణం ఆగారు. సరోజ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ఆయన అడుగు ముందుకేసి ట్యాంకు దాటారు.

వీధంతా బయటే ఉంది. మాట పాకడానికి ఎంతసేపు? జ్ఞానమ్మ వాకిట్లో కుర్చీ సిద్ధంగా ఉంది. ఆయన కూర్చోగానే ఒకామె అంగడి నుంచి కలర్ సోడా సీసా తెచ్చింది. ఇది ఆ వైపు మర్యాద. పై కులంవాళ్ళు వస్తే తమ గ్లాసులో తాగరు కాబట్టి, మూత తీయని సీసా ఇస్తారు. ఇచ్చేవాళ్ళకీ పుచ్చుకునేవాళ్ళకీ నామోషీ ఉండదు. నాయకర్ గారు సీసా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. "కలర్ వద్దు. టీ లేదా?" అన్నారు.

ఎక్కడి మనుషులు అక్కడ ఆగిపోయారు. జ్ఞానమ్మ లోపలికెళ్ళి స్టీలు గ్లాసులో టీ తెచ్చింది. ఆ దేశంలో ఎవరింట్లోనైనా గ్లాసు ఎత్తి నోట్లో పోసుకోవడం అలవాటు, పెదవి ఆనించరు. ఆయన ఆనించారు. నెమ్మదిగా, చివరి గుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసుని జ్ఞానమ్మ చేతికే ఇచ్చారు. గోడ పక్కనున్న ఒక ముసలావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ కళ్ళు చెమర్చాయి. అయిపోయింది, గెలిచాం అనుకున్నాను. ఇంత చేసిన మనిషికి మాట ఒక లెక్కా?

ఆయన లేచి నిలబడ్డారు. రెండు చేతులూ జోడించారు. నోరు తెరిచారు. మాట రాలేదు. గొంతు సవరించుకున్నారు, చెమట తుడుచుకున్నారు. చివరికి గట్టిగా, స్పష్టంగా, ఎంతో మర్యాదగా మాట వచ్చింది.

"ఎల్లారుం వాంగ. పిళ్ళైగళ అనుప్పుంగ."

అందరూ రండి, పిల్లల్ని పంపండి అని. తమిళంలో.

ఎవరూ నవ్వలేదు. అన్నాక ఆయనకీ తెలిసింది. జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. మళ్ళీ ప్రయత్నిస్తారేమో అని వీధంతా చూసింది. నేనైతే లోపల్లోపల దండం పెట్టుకున్నాను, ఒక్క మాట, పొద్దున అన్న మాటే కదా స్వామీ అని. పెదవులు కదిలాయి. శబ్దం లేదు.

జ్ఞానమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుంది. తెలుగులోనే మాట్లాడింది. "సామీ, మీరు మా ఇంటికి వచ్చినారు. మా గలాసులో టీ తాగినారు. మాకు రొంబ సంతోసం, మేము మరిచిపోము. తమిళంలో మరియాద తమిళ పళ్ళికూడంలోనే చెప్పిస్తారు గదా సామీ. దానికి మా బిడ్డ తెలుగు పళ్ళికూడానికి ఏంటికి పోవాల? పొద్దు పోతా ఉండాది. మీరు పోయి రండి."

మేం ముగ్గురం ట్యాంకు దాకా నడిచాం. అక్కడ ఆయన తుండు కోసం భుజం తడుముకుని, లేదని గుర్తొచ్చి చెయ్యి దించేశారు. "గొంతు దాకా వచ్చినాదమ్మా. మా నాయన లేచొచ్చి గొంతు పట్టుకున్నట్టు అయినాది" అన్నారు. అబద్ధం కాదు. ఆ ముఖం చూస్తే నాకు కోపం కూడా రాలేదు. అది వచ్చి ఉంటే బాగుండేది, ఇంత అలసట ఉండేది కాదు.

సాయంత్రం బస్సులో కోవిల్‌పట్టి చేరి, కోవిల్‌పట్టి పేరు చెబితే గుర్తొచ్చే వేరుశనగ ఉండలు అరకిలో కొన్నాను. అక్కణ్ణుంచి విరుదునగర్‌కి ప్రతి పది నిమిషాలకీ బస్సుంది, గంట పైచిలుకు ప్రయాణం, పద్దెనిమిది రూపాయలు. విరుదునగర్‌లో దిగితే నూనెలో వేయించిన పరోటా తినకుండా రైలెక్కకండి. బస్టాండు దగ్గర ఒక అంగట్లో రెండు పరోటాలు, వాటి మీద పోసే సాల్నా అనే పులుసు కలిపి పన్నెండు రూపాయలు. పరోటా వేసే ఆయన తమిళంలో "ఏ ఊరమ్మా?" అని అడిగాడు. నెల్లూరు అన్నాను. "ఓ, ఆంధ్రా! అక్కడ కారం ఎక్కువ కదా, ఇంకో గరిటె పోస్తా, తినండి" అన్నాడు. ముక్కూ మొగమూ తెలియని మనిషి, నా భాష కాని భాషలో, ఎంత తేలిగ్గా మర్యాద ఇచ్చాడో. పరోటా బాగుంది. సగమే తినగలిగాను.

సరోజ మొన్న ఫోను చేసింది. విభాగం మూసేశారు. పెద్ద వీధి పిల్లలిద్దరూ కాన్వెంటు వ్యానెక్కారు. బదిలీ ఆర్డరు వచ్చేదాకా దాన్ని తమిళ విభాగం పిల్లలకి లెక్కలు చెప్పమన్నారట. నాయకర్ గారు ఆ రోజు నుంచి బయట అరుగు మీద కూర్చోవడం లేదట. ఎస్తేరు మాత్రం తమిళ క్లాసుకి పోతూ రోజూ గుమ్మంలో ఆగి "టీచరమ్మా, బాగుండారా?" అని తెలుగులోనే అడుగుతుందట. చెబుతూ చెబుతూ సరోజ ఏడ్చింది.

మా నెల్లూరు వాళ్ళకి భాష కోసం రాష్ట్రం తెచ్చుకున్నామని గర్వం. భాషల వారీగా దేశానికి గీతలు గీసుకున్నాం. గీతకి ఇటువాళ్ళు గొల్టి అంటే, అటువాళ్ళు అరవం అంటే, గొడవంతా అక్కడే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒక పల్లెలో నీళ్ళ ట్యాంకు పక్కనుంచి పోయే గీత నా లెక్కలో లేదు. మాతృభాషని తమిళం మింగేస్తోందని సభల్లో నేనూ గొంతు చించుకున్నదాన్నే. జ్ఞానమ్మని ఎవరూ మింగలేదు. ఆవిడ తనకి ఎక్కడ కుర్చీ వేశారో అక్కడికి వెళ్ళి కూర్చుంది. మన దేశంలో ఎవరు ఏ భాషవాళ్ళవుతారో తేల్చేది జెండాలూ సభలూ అనుకున్నాను. 'రండి' అని పిలిచే గొంతు అని ఇంత ఆలస్యంగా తెలిసింది. కాలేజీలో వచ్చే వారం మాతృభాష మీద మాట్లాడమన్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పేశాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క సలహా. ఆదివారం వెళ్ళండి, మిగతా రోజుల్లో ఊళ్ళు ఫ్యాక్టరీల్లో ఉంటాయి. అక్కడ ఎవరైనా మీతో తెలుగు మాట్లాడితే మీ తెలుగు వింతగా ఉంది, పాతగా ఉంది, అరవంలా ఉంది అని ముచ్చటపడకండి. కూలికి పోయేవాళ్ళయినా, వాకిలి ఊడ్చేవాళ్ళయినా, ముందు 'మీరు' అనండి, 'రండి, కూర్చోండి' అనండి. అక్కడ చాలామంది ఆ మాట తెలుగులో ఇంకొకళ్ళని అనడమే గానీ, తమని ఎవరైనా అనగా వినలేదు.